టిక్కు పెట్టిన మాటలు

కార్డు గ్రైండరు మూత మీద పడి ఉంది. గౌతమి విసిరిన చోటే ఉంది. దాన్ని తీసి లోపల దాచే ధైర్యం రాజ్యానికి లేదు. అటు చూడకుండా ఉండడమూ ఆమె వల్ల కావడం లేదు.

విశాఖపట్నంలో పిల్లల డాక్టరుకి చూపించుకొస్తామని తెల్లవారి బస్సెక్కిన కొడుకూ కోడలూ మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరారు. అప్పటి నుంచీ గౌతమి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చీర మార్చుకోలేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఒక్క ప్రశ్నే పట్టుకుంది.

“అత్తా, ఈ టిక్కులు నువ్వే పెట్టేవా?”

అదీ ఒక ప్రశ్నేనా? చోడవరంలో ఆ రెండు వీధుల పిల్లల ఎదుగుదల కార్డులన్నిటి మీదా టిక్కులు పెట్టేది రాజ్యమే. ఇరవై ఆరేళ్ళుగా అంగన్‌వాడీ టీచరు. భర్త పోయాక ఆ ఉద్యోగంతోనే కొడుకునీ కూతుర్నీ పెంచింది. బస్టాండులో దిగి టీచరమ్మ ఇల్లెక్కడ అంటే ఆటోవాళ్ళు దగ్గరుండి దింపుతారు. అలాంటి మనిషి మనవరాలి కార్డు నింపడానికి దేవరాపల్లి నుంచి ఇంకో టీచరు వస్తుందా? రాజ్యం మనసులో అనుకున్న జవాబు ఇది. పైకి మాత్రం, అన్నం చల్లారిపోతోంది, ముందు తినండి అంది.

ఎవరూ కదల్లేదు.

డాక్టరు చెప్పింది కొడుకు సత్తిబాబు చెప్పుకొచ్చాడు, చెప్పులు విడుస్తూ ఒక ముక్క, కాళ్ళు కడుక్కుంటూ ఒక ముక్క. పిల్ల దేవిశ్రీకి రెండేళ్ళ ఎనిమిది నెలలు. నోట ఒక్క మాట లేదు. డాక్టరు కార్డు అడిగి తీసుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుంది, టిక్కు. ఏడాదికి ఒకటి రెండు మాటలు, టిక్కు. రెండేళ్ళకి రెండేసి మాటలు కలిపి చెబుతుంది, టిక్కు. అన్నీ చూసి, అయితే మాట వచ్చి పోయిందన్నమాట అన్నాడట.

వచ్చి పోయిన మాటకి వెతికే దారి వేరు, అసలు రాని మాటకి వెతికే దారి వేరు అని చెప్పాడు. చెవి పరీక్ష ఎలాగూ చేయిస్తారు. కానీ వచ్చి పోయిందంటే తల సంగతి కూడా చూడాలి, పిల్లకి మత్తిచ్చి స్కానింగు తీయాలి. అసలు రాలేదంటే మొదటి అనుమానం చెవి మీదే. చెవే అయితే ఇప్పటికే ఏడాదిన్నర వృథా అయింది, ఇంకొక్క నెల కూడా పోనివ్వకూడదు. రెండిట్లో ఏది నిజం అని అడిగితే తల్లి చెప్పలేకపోయింది. సోమవారం రండి, పిల్లని పెంచినావిడని వెంటబెట్టుకు రండి అని పంపేశాడు.

తల్లికెలా తెలుస్తుంది? పిల్లకి ఎనిమిదో నెల దాటగానే గౌతమి అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. అక్కడే హాస్టలు. ఆదివారం వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్ళిపోయేది. ఆరు నెలల కిందట మానేసి వచ్చింది.

మరి ఇంట్లోనే ఉన్న తండ్రికి తెలియదా? డాక్టరూ అదే అడిగాడు. సత్తిబాబు ఎరువుల కొట్లో గుమస్తా. ఇద్దరు రైతులు తగవు పడుతూ వస్తే ఇద్దరిదీ నిజమేనని టీ తాగించి పంపే మనిషి. డాక్టరుకి కూడా, “మా అమ్మకి తెలుస్తాది సార్” అని చెప్పి వచ్చాడు.

“ఆ డాక్టరు కుర్రోడికేటి తెల్సు,” అంది రాజ్యం. “నీ మొగుడికి నాలుగో ఏట మాటొచ్చింది. ఇప్పుడు కొట్లో రోజంతా మాటాడి కడుపు నింపుకుంటన్నాడు. కొందరికి ఆలస్యం, అంతే.”

“నీ కొడుకు పిలిస్తే తిరిగేవోడా, తిరిగేవోడు కాదా?”

రాజ్యానికి గుర్తుంది. తిరిగేవాడు. మాట రాకపోయినా, వీధి చివర ఐస్‌ఫ్రూట్ బండి గంట వినబడితే చాలు, అన్నం కంచం వదిలేసి పరిగెత్తేవాడు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆమె ఎవరికీ చెప్పలేదు. నాలుగో ఏట మాటొచ్చిందన్న ముక్క మాత్రం వీధి వీధంతా చెప్పింది.

ఏమీ తోచక నోటికందిన మాట రాయిలా విసిరింది.

“ఆదివారం ఆదివారం సుట్టంలాగ వచ్చిపోయినదానివి. ముడ్డి కడిగింది నేను, జ్వరమొస్తే మంచం దిగకుండా కూకున్నది నేను. ఇయ్యాల నన్ను అడగడానికొచ్చేవా?”

గౌతమి ముఖం పాలిపోయింది. సత్తిబాబు, ఊరుకోవే అమ్మా అని గొణిగి గోడ మీద కేలండరు చూడసాగాడు. బయట చెరకు ట్రాక్టరు ఒకటి పాట పెట్టుకుని పోతోంది. వరండాలో దేవిశ్రీ ఇటు వీపు పెట్టి కూర్చుని సీసా మూతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. ట్రాక్టరు ఇంటి ముందు నుంచి దడదడలాడుతూ పోయినా తలెత్తి చూడలేదు.

“సరే,” అంది గౌతమి. గొంతు బాగా తగ్గించింది. “నాకేటీ తెలీదు. నువ్వే పెంచేవు. దేవిని ఒకసారి ఇలగ రమ్మను.”

ఇదేదో రాజీకొచ్చినట్టుందని రాజ్యం సంబరపడింది. లేచి వరండాలోకి వెళ్ళింది. పిల్ల పక్కన వంగి భుజం మీద రెండు వేళ్ళతో తట్టింది. దేవిశ్రీ తిరిగి నవ్వి చేతులు చాపింది.

ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి గౌతమి లేచి నిలబడి ఉంది.

“సూసేవా? రమ్మనమన్నాను. నువ్వు లేచి వెళ్ళేవు. ఆర్నెల్లుగా సూస్తన్నాను అత్తా, ఈ ఇంట్లో నువ్వు ఒక్కరోజు దాన్ని పిలవలేదు. దగ్గరికెళ్ళి తడతావు. అన్నానికి తడతావు, నీళ్ళకి తడతావు. దానికి వినపడదని నీ సేతికి తెల్సు.”

రాజ్యం పిల్ల వీపు మీదున్న తన చేతివైపు చూసుకుంది. నిజమే. ఎప్పటి నుంచి అలా తట్టడం మొదలుపెట్టిందో ఆమెకే గుర్తు లేదు. సెంటర్లో ముప్పైమంది పిల్లలు. వాళ్ళందరినీ కుర్చీలోంచి లేవకుండా కేక వేసి పిలుస్తుంది. ఈ పిల్ల దగ్గరికి మాత్రం నడిచి వెళుతుంది. అది ప్రేమ అనుకుంది. ఇన్నాళ్ళూ అదే అనుకుంటూ వచ్చింది.

సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు భయమేసింది. ప్రతి నెలా తల్లుల్ని కూర్చోబెట్టి, ఇన్ని నెలలకి ఇన్ని మాటలు రావాలి, రాకపోతే ఎదురు చూడొద్దు, వెంటనే చూపించండి అని పాఠం అప్పజెప్పే నోరు ఇదే. బొమ్మల చార్టు కళ్ళు మూసుకుని చెప్పగలదు.

గౌతమి సెల్‌ఫోను తీసింది. అందులో ఏదో పేజీ తెరిచింది. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ, డ్యూటీ దిగి ఇంటికి ఫోను చేసినప్పుడల్లా అత్త చెప్పిన మాటల్ని తేదీలు వేసి అందులో రాసుకుంది. గదిలో ఆడపిల్లలు ఎగతాళి చేసినా రాసుకుంది. సత్తిబాబుకి కూడా ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

“అత్త,” అని చదివింది. “ఇది అన్నాదా, అనలేదా?”

“అన్నాది,” అంది రాజ్యం వెంటనే. “అది అబద్ధం కాదు. నా కూతురు కీర్తి విన్నాది. తొలి మాట మేనత్త పేరేనని పట్టీలు కూడా అట్టుకొచ్చింది.”

అదీ నిజమే. తొమ్మిదో నెలలో దేవిశ్రీ త్త త్త అంటూ ఉండేది. ఆ వయసులో ఏ పిల్లయినా నాలుక పైకి తగిలించి ఆ చప్పుడే చేస్తుంది. అది విని మురిసిపోయిన మేనత్తలు ఆ వీధిలోనే పదిమంది ఉన్నారు. ఏడాది నిండేసరికి ఆ చప్పుడు కూడా తగ్గిపోయింది. మిగతా ఇళ్ళలో త్త త్త కాస్తా అత్త అయింది, తాత అయింది. ఈ ఇంట్లో ఏమీ కాలేదు. కార్డులో మాత్రం మాట కింద జమ అయింది.

“అమ్మ?”

రాజ్యం పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

“అమ్మ అన్నాదా, అనలేదా అత్తా?”

“లేదు.”

“పాలు?”

“లేదు.”

“కాకి? ఒక మంగళవారం నాడు సెప్పేవు. పెరట్లో వాలితే ఏలు పెట్టి సూపించి కాకి అన్నాదని.”

“ఏలు పెట్టి సూపించింది,” అంది రాజ్యం. “మాట అనలేదు.”

గౌతమి వేలు ఫోను మీద ఇంకా కిందికి జరిగింది. ఒకచోట ఆగిపోయింది. చదవడానికి కొంచెంసేపు పట్టింది.

“అమ్మ రా.”

సత్తిబాబు అప్పుడు కేలండరు వదిలి ఇటు చూశాడు.

“ఇది అన్నాదని సెప్పిన నాడు హాస్టలంతా సాకలెట్లు పంచేను. నా కూతురు నన్ను రమ్మంటందని. రెండు మాటలు కలిపేసిందని. సెప్పు.”

రాజ్యం తల అడ్డంగా ఊపింది. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. అత్తగారు కోడలి ముందు ఏడవకూడదన్న పట్టుదల ఒకటి ఆవిడకి ఇంకా మిగిలి ఉంది.

గౌతమి ఏడవలేదు. ఎందుకు అని మాత్రం అడిగింది. ఆ మాట మూడుసార్లు అడిగింది, మూడోసారికి రాజ్యం నోరు విప్పింది.

“ఒకరోజు ఏటీ అనలేదు, పేచీ పెడతందని సెప్పేను. గుర్తుందా నీకు? నా దగ్గర లేకపోబట్టే దానికి మాట రావట్లేదు, అచ్యుతాపురంలోనే గది తీసుకుంటాను, దాన్ని తీసుకుపోతాను అన్నావు. ఆ మర్నాడు అమ్మ అన్నాదని సెప్పేను. నువ్వు ఊరుకున్నావు. ఇంక రోజుకో మాట సెప్తా వచ్చేను. అది లేపోతే నేనెలగ ఉంటానే?”

ఫోనులో చెప్పిన అబద్ధానికి కార్డు మీద ఒక టిక్కు పెట్టడం ఆమెకి పెద్ద పనేం కాలేదు. కార్డు చూపించి గౌతమిని నమ్మించింది. పోను పోను తను కూడా ఆ కార్డునే నమ్మింది.

ఇంత విన్నాక సత్తిబాబు మధ్యవర్తి అవతారమెత్తాడు. అయిందేదో అయింది, అమ్మ సోమవారం వస్తుంది, ఆ డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది, ఇద్దరూ రెండు ముద్దలు తినండి అని మొదలుపెట్టాడు.

“రాను,” అంది రాజ్యం.

ఆ ఒక్క మాటకి ఇల్లు మళ్ళీ బిగుసుకుపోయింది.

“ఊరికే రాను. నేను తప్పుడు టిక్కులు పెట్టేనని తెలిస్తే ఈ వీధిలో నా ముఖాన ఉమ్మేస్తారు. ఇరవై ఆరేళ్ళు. ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆ డాక్టరు ముందైతే అన్నీ సెప్తాను. సోడవరంలో మాత్రం ఈ మాట ఎవరి సెవినా పడకూడదు. గుంట తల మీద సెయ్యేసి సెప్పు, వస్తాను.”

గౌతమి చాలాసేపు అత్త ముఖంలోకే చూసింది. అంత కఠినంగా ఎవరూ తనవైపు చూసినట్టు రాజ్యానికి జ్ఞాపకం లేదు. బిడ్డ వైద్యం అత్త నోట్లో ఉంది. తల్లికి ఇంకో దారి లేదు. అది రాజ్యానికీ తెలుసు, తెలిసే అడిగింది.

“సెప్పేయ్ గౌతమీ,” అన్నాడు సత్తిబాబు.

గౌతమి దగ్గరికొచ్చి దేవిశ్రీ నెత్తి మీద చేయి వేసింది. ఎవరికీ చెప్పనంది. చెబితే ఈ బిడ్డ తనకి దక్కకుండా పోవాలంది. అది ఆటనుకుని పిల్ల కిలకిలా నవ్వింది.

తరవాత ముగ్గురూ అన్నాలు తిన్నారు. ఎవరికి వారు వడ్డించుకున్నారు.

అయిదున్నరకి గేటు చప్పుడైంది. మెర్లిన్ వచ్చింది. చర్చి పక్క సందులో ఉంటుంది, మొగుడు శాంతిరాజు ఆటో తోలతాడు. చంకలో కొడుకు తిమోతి, చేతిలో ప్లాస్టిక్ సంచి. పొద్దున్న గౌతమి వాళ్ళు పిల్లతో విశాఖపట్నం బస్సెక్కడం శాంతిరాజు చూశాడట. అప్పటి నుంచీ ఆమెకి స్థిమితం లేదు.

కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి కార్డు తీసింది. గ్రైండరు మీదున్న కార్డులాంటిదే. అదే ఆకుపచ్చ సిరా, అవే టిక్కులు.

“టీచరమ్మా, ఈడికి రెండేళ్ళ మూడు నెలలు. అమ్మ అంటాడు, ఇంకోటేదో అంటాడు, అంతే. పిలిస్తే ఒకప్పుడు సూస్తాడు, ఒకప్పుడు సూడడు. కార్డులో సూస్తే రెండు మాటలు కలిపి మాటాడతాడని టిక్కుంది. ఇంట్లో ఒక్కనాడూ అలగ మాటాడలేదు. నీ దగ్గర సెంటర్లో మాటాడతన్నాడేమో, నేనే సరిగ్గా పట్టించుకోలేదేమో అనుకుంటన్నాను. మా ఆయన డాక్టరుకి సూపిద్దామంటన్నాడు. నువ్వేటంటావు?”

తిమోతి కార్డు ఎప్పుడు రాసిందో రాజ్యానికి గుర్తు లేదు. ఒక మధ్యాహ్నం ముప్పై కార్డులు ముందేసుకుని వరసగా గీసుకుపోయింది, అది మాత్రం గుర్తుంది. ఆ పిల్లాడు సెంటర్లో మూలన కూర్చుని గుడ్డు తింటాడు. వాడి గొంతెలా ఉంటుందో ఆమెకి తెలియదు.

చూపించండి అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. అయితే నువ్వు పెట్టిన టిక్కేటి టీచరమ్మా అని మెర్లిన్ అడుగుతుంది. అడక్కుండా ఉండదు. రేపు చర్చిలో చెబుతుంది. ఎల్లుండికి వీధి వీధంతా కార్డులు పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది.

“మాటాడతాడమ్మా,” అంది రాజ్యం. “సెంటర్లో బాగానే మాటాడతాడు. నీ దగ్గర గారాబం. కంగారు పడకు.”

అంటూనే తన గొంతంటే తనకే అసహ్యమేసింది. గంట కిందట ఇదే ఇంట్లో లేదు లేదు అని ఒప్పుకున్న గొంతు. తన రక్తమైతే ఒక నిజం, ఊళ్ళోవాళ్ళ బిడ్డయితే ఇంకో నిజం.

మెర్లిన్ ముఖం విచ్చుకుంది. అయినా పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. రాజ్యం వెనక వంటింటి గుమ్మంలో నిలబడ్డ గౌతమి వైపు చూసింది.

“గౌతమక్కా, నువ్వు ఇప్పుడే పెద్ద డాక్టరు దగ్గర నుంచి వచ్చేవు కదా. నువ్వు సెప్పు. తీసుకెళ్ళమంటావా?”

రాజ్యం వెనక్కి తిరగలేదు. కోడలు ఇంక బయటపెట్టేస్తుందని కళ్ళు మూసుకుంది. పెట్టేస్తే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. నాలుగేళ్ళుగా, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, ఈ కోడలు ఎదురు చెప్పని రోజు లేదు. ఉప్పు దగ్గర కూడా వాదిస్తుంది.

గౌతమి చంకలో దేవిశ్రీ ఉంది. గౌతమి అరచెయ్యి పిల్ల నెత్తి మీద ఉంది.

“మీ టీచరమ్మ సెప్పింది కదా,” అంది.

మెర్లిన్ హమ్మయ్య అని కార్డు సంచిలో పెట్టుకుంది. సోమవారం నుంచి సెంటర్‌కి తొందరగా పంపిస్తానని, నాలుగు మాటలు ఎక్కువ నేర్పమని రాజ్యాన్ని బతిమాలి గేటు వేసుకుని వెళ్ళింది. వీధిలో కొడుకుని ముద్దాడుతూ ఆమె అంటున్న మాటలు ఇంట్లో అత్తకీ కోడలికీ వినిపించాయి.

“ఏరా దొంగా, టీచరమ్మ దగ్గరయితే మాటాడతావేటి? నా దగ్గర మాటాడవా?”